ఒక చెయ్యి జేబులో

మా బిల్డింగు నేలమాళిగని ఇక్కడ సిర్దాబ్ అంటారు, దాని మెట్లు పదకొండు. నేను ఏడో మెట్టు మీద ఉండగా కింది గది తలుపు సందులోంచి తెల్లటి వెలుగు ఒక్కసారి భగ్గుమంది. మరుక్షణం తగ్గిపోయింది. వేడెక్కిన పాత దుమ్ము వాసన మెట్ల మీదికి వచ్చింది. మిగిలిన నాలుగు మెట్లు ఎలా దిగానో గుర్తులేదు. తలుపు తోసేసరికి మా తొమ్మిదేళ్ళవాడు ఒక చెక్క బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. కుడిచేతి వేలు ఇంకా స్విచ్చి మీదే ఉంది. ఎడమచెయ్యి నిక్కరు జేబులో ఉంది. మా ఐదేళ్ళ పిల్ల బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, గుడ్లప్పగించి చూస్తూ "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడుతోంది. బల్ల మీద వీపు విప్పేసిన పాత రేడియో. దాని పక్కన మా బిల్డింగు కాపలా పెద్దాయన. ఆయన ఎడమచెయ్యి కూడా జేబులోనే ఉంది.

"ఏమైంది?" అని అరిచాను.

"ఏం గాలే బిడ్డా. దీనికి పానం వచ్చింది," అన్నాడు.

రేడియోకి ప్రాణం వచ్చిందట. నాకు మాత్రం ఉన్నది పోయినంత పనైంది. ఈ మనిషి దగ్గర నా పిల్లలకి ఏదో ఒకరోజు ఏదో అవుతుందని నాకు మొదటిసారి అనిపించిన క్షణం అదే.

ఇది పోయిన ఏడాది మాట. నిన్న మధ్యాహ్నం ఈ గల్ఫు దేశంలోని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో వచ్చింది. ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు, దాని మీది ఫోటో. దజీజ్‌లో ఒక గోదాముకి కాపలా ఉండేవాడనీ, గుండె ఆగి నిద్రలోనే పోయాడనీ, మనిషిని జగిత్యాల వైపు సొంతూరికి పంపించే కాగితాల పని తెలిసినవాళ్ళు ఉంటే ముందుకు రావాలనీ రాశారు. ఆయన పేరు నేను చూడటం అదే మొదలు. ఆ పేరు ఇక్కడ రాయను. ఆయన ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, ఇది తమ మనిషి గురించేనని నా ద్వారా తెలియడం నాకు ఇష్టం లేదు.

ఆయన పోయినందుకు నాది తప్పని ఎవరూ అనరు. నా తప్పు వేరే ఉంది. మా వాడికి ఆ మనిషంటే కోపం. ఆ కోపాన్ని నేనే ఒక అబద్ధం చెప్పి పుట్టించాను. మనిషి వెళ్ళిపోయాడు, కోపం మా ఇంట్లో మిగిలింది. పిల్లలకి చెప్పాలా, చెబితే ఎంతవరకు చెప్పాలి అని నిన్న రాత్రి దాకా వంటింట్లో తిరుగుతూనే ఉన్నాను.

సాల్మియాలో మేముండే ఆరంతస్తుల బిల్డింగుకి ఆయన హారిస్. అంటే కాపలా, మెట్లు తుడవడం, నీళ్ళ మోటార్లు చూసుకోవడం, లిఫ్టు ఆగితే మేనేజరుకి ఫోన్ చేయడం, అన్నీ. అందరూ హారిస్ అనే పిలిచేవాళ్ళు. పిల్లలకి రేడియో తాత. నేను బాబాయ్ గారూ అనేదాన్ని. మాది అమలాపురం దగ్గర, మాకు పెద్దవాళ్ళంతా బాబాయ్ గార్లే. ఆయన మొదటి నెల నన్ను మేడం అన్నాడు, రెండో నెల నుంచి బిడ్డా అన్నాడు.

సిర్దాబ్‌లో ఆయనదొక గది. సగంలో మోటార్లు, మిగతా సగంలో మంచమూ బల్లా రేడియోలూ. వాల్వు రేడియోలు. చిన్న సూట్‌కేసంత చెక్క పెట్టె, ముందు గుడ్డ బిగించిన స్పీకరు, లోపల గాజు బుడ్లలాంటి వాల్వులు. అవి ఎర్రబడితేనే రేడియో పలుకుతుంది. శుక్రవారం సంతలో చెత్తకింద అమ్మేవి కొన్ని, పెద్దవాళ్ళు పోయాక ఇళ్ళలోంచి బయటపడేసేవి కొన్ని. జాబ్రియాలో ఒకింట్లో పనిచేసే రాయచోటి ఆవిడ ఒకరోజు ఫోన్ చేస్తే స్పీకరులో పెట్టాడు. "అన్నా, మామా స్టోర్ రూమంతా కాలీ చేయమంటాంది. రేడియో ఒకటుండాది, నువ్వొస్తావా, పారేసేదా?" అంది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. "పారెయ్యకు చెల్లే, గీ బస్సుకే వస్తున్న," అని తుండుగుడ్డ భుజాన వేసుకుని బయలుదేరాడు. రెండు గంటల తర్వాత ఆ రేడియోని తుండుగుడ్డలో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చాడు.

బాగుచేసేముందు పెట్టె విప్పి, లోపలి దుమ్మును గడ్డం గీసుకునే బ్రష్షుతో దులిపేవాడు. దులిపే ముందు వాసన చూసేవాడు. "గీ ఇంట్ల ముసలాయన సిగరెట్లు మస్తు తాగుతుండె," అనేవాడు ఒకదాన్ని. "ఇది ఊదు పొగ. ఆడోళ్ళ గదిల ఉన్నది," అనేవాడు ఇంకోదాన్ని. నేను నవ్వితే, "మీ ఇంట్ల రేడియో ఉంటె ఇంగువ వాసనొస్తది బిడ్డా, నేను కండ్లు మూసుకోని చెప్త," అన్నాడు. స్పీకరు గుడ్డని ఊరి నుంచి తెచ్చుకున్న కుంకుడుకాయ రసంలో నానబెట్టేవాడు. సబ్బు పెడితే అందులో ఉండే జరీ నల్లబడుతుందట. ఆ గుడ్డలు మోటారు పైపు మీద ఆరేసి ఉండేవి.

ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను.

"ఇరగ్గొట్టి," అన్నాడు.

ఆ ఒక్క మాటే. ఎన్ని విరగ్గొట్టాడో, ఎవరివి విరగ్గొట్టాడో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన గురించి నేను అడగనివి చాలా ఉన్నాయి.

ఆ చెయ్యి సంగతి చెప్పాలి. మొదట్లో నేను దాన్ని పొగరనుకున్నాను. బిల్డింగు మేనేజరు, ఇక్కడి మాటలో ముదీర్, ఈజిప్టు ఆయన. ఆయన తిడుతున్నప్పుడు కూడా పెద్దాయన ఎడమచెయ్యి జేబులోనే ఉండేది. "ఇద్, ఇద్," అని మేనేజరు కసిరేవాడు, చెయ్యి బయటికి తియ్యమని. తీసేవాడు. రెండు నిమిషాలకి అది మళ్ళీ తనంతట తనే జేబులోకి వెళ్ళిపోయేది. ఒకరోజు మా వాడికి చెబుతుంటే విన్నాను. "కరెంటు మీద పనిజేసేటప్పుడు రెండు చేతులు పెట్టద్దురా. గీ చెయ్యి కెల్లి గా చెయ్యిలకు పోతది. నడుమల ఏమున్నది?"

"హార్ట్," అన్నాడు మావాడు.

"గదే. ఒక్క చెయ్యి పెడితె ఏలు కాల్తది, అంతే. పైలం."

పైలం, పైలం అని రోజుకి ఇరవైసార్లు అనేవాడు. పిల్లలు ఆ మాట ఇంటికి మోసుకొచ్చారు. అదేదో ఆట అనుకున్నాను. "పైలం అంటే ఏంట్రా?" అని అడిగితే, "కేర్‌ఫుల్ అమ్మా. నీకు తెలుగు రాదా?" అన్నాడు నా కొడుకు.

నిజానికి మా పిల్లలకి తెలుగు అంకెలు వచ్చింది ఆయన దగ్గరే. స్విచ్చి వేశాక వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం ఏం చేయాలో పిల్లలకి తోచక వన్, టూ అని మొదలుపెట్టారు. ఆయన ఆపేశాడు. "ఇంగ్లీషుల లెక్కవెడ్తె వాల్వులు వేడెక్కయ్," అన్నాడు. అంత గంభీరంగా ముఖం పెట్టి చెప్పాడు, మా చిన్నది నమ్మేసింది. ఇరవై తొమ్మిది దగ్గర నాలుక తడబడి మళ్ళీ మొదటికి వచ్చేది. ముప్పై అనేసరికి లోపలినుంచి గుయ్‌మని శబ్దం, తర్వాత గరగర, తర్వాత ఏ దేశం నుంచో అరబ్బీలో ఒక గొంతు. ఆ గొంతు అలా స్పష్టం కాగానే ఆయన స్విచ్చి ఆపేసేవాడు.

"ఉంచు తాతా, విందాం," అనేది చిన్నది.

"ఇంటె ఏముంటది? పాడుతదని తెల్సె గద. ఖలాస్. ఇంకోటి దియ్యి."

ఒక్క రేడియో అమ్మినట్టు నేను చూడలేదు. బాగుపడ్డవాటిని గోడ పక్కన వరసగా పెట్టి, పాత దుప్పటి కప్పేవాడు. పొద్దున్నే మెట్లు తుడిచే ముందు ఆ దుప్పటి ఎత్తి ఒకసారి చూసుకుని మళ్ళీ కప్పేవాడు. నాకు తెలిసినంతలో ఆయన రోజు మొత్తంలో తనకోసం చేసుకున్న పని అదొక్కటే.

నా భయాలంటే ఆయనకి వేళాకోళం. గ్యాసు కట్టానో లేదో అని లాబీ దాకా వచ్చి మళ్ళీ నాలుగో అంతస్తుకి వెళ్ళడం నాకు అలవాటు. "మూడోసారి పోతున్నవ్ బిడ్డా. లిఫ్టుకు నోరుంటె నీ పేరు జెప్పి ఏడుస్తుండె," అనేవాడు. "నీకు బుగులు ఎక్కువ." బుగులంటే భయమని ఆ మాట అన్న తీరులోనే తెలిసింది. అయినా నా పిల్లల్ని రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా ఆయన దగ్గరికి పంపింది ఆ భయస్తురాలినైన నేనే. హోంవర్కు అయిపోయేది, వాళ్ళు కిందికి పరిగెత్తేవాళ్ళు, నేను ఫ్యాను కింద కళ్ళు మూసుకునేదాన్ని. ఈ దేశం వచ్చాక పగలు నిద్రపోయింది ఆ గంటల్లోనే.

ఆ రోజు, ఆ వెలుగు చూసిన రోజు, ఆయన్ని పట్టుకుని కడిగేశాను.

"పిల్లాడి చేత స్విచ్చి వేయిస్తారా బాబాయ్ గారూ? మీకు బుద్ధుండక్కర్లేదా? ఏదైనా అయితే ఎవరిది పూచీ?"

"బల్బున్నది గద బిడ్డా. బల్బు లేకుంట నేను..."

"బల్బూ వద్దు ఏం వద్దు. పదండ్రా పైకి."

లిఫ్టులో మావాడు ఏడుస్తూ చెప్పాడు. అది సిరీస్ బల్బట. చాలా ఏళ్ళు మూలపడ్డ రేడియోకి నేరుగా కరెంటు ఇస్తే కాలిపోతుంది. అందుకని మధ్యలో ఒక పెద్ద బల్బు పెడతారు. రేడియోలో షార్టు ఉంటే ఆ కరెంటంతా బల్బులో వెలిగి ఆగిపోతుంది, రేడియోకీ మనుషులకీ ఏమీ కాదు. ఒకసారి భగ్గుమని తగ్గితే రేడియో మంచిది. తగ్గకపోతే వెంటనే ఆపేయాలి. "ఇట్ వజ్ గుడ్, అమ్మా. తగ్గింది కదా. త్రీ వీక్స్ నుంచి ట్రై చేస్తున్నాం. ఫస్ట్ టైమ్ తగ్గింది. అందుకే తాత నన్ను వెయ్యమన్నాడు."

నాకు అర్థమైంది. నేను బీఎస్సీ చదివాను, అంత తెలియనిదాన్ని కాదు. నేను కింద చూసి భయపడినవన్నీ, ఆ వెలుగూ, జేబులో చెయ్యీ, అన్నీ ఆయన తీసుకున్న జాగ్రత్తలేనని లిఫ్టు నాలుగో అంతస్తుకి చేరేలోపే తెలిసిపోయింది. కానీ భయానికి కారణం పోయినా భయం పోలేదు. ఆ గదికి కిటికీ లేదు. ఉన్నది ఒకటే తలుపు. ఈసారి బల్బు తగ్గింది, ఇంకోసారి తగ్గకపోతే? మా ఆయన ఆఫీసునుంచి వచ్చాక చెబితే, "పిల్లల్ని పంపకు, సరిపోయె. లేదా ఆయనకే చెప్పు. మేనేజరు దాకా ఎందుకు?" అన్నాడు. సరే అన్నాను.

మర్నాడు పొద్దున పిల్లలు బస్సెక్కాక మేనేజరుకి ఫోన్ చేశాను.

నాకు వచ్చిన అరబ్బీ కూరగాయలు కొనడానికి సరిపోతుంది. సిర్దాబ్ అన్నాను, హారిస్ అన్నాను, కరెంటుని ఇక్కడ కహ్‌రబా అంటారని తెలుసు, అది అన్నాను. పెద్ద వెలుగు వచ్చిందని ఎలా చెప్పాలో తెలియక చేత్తో గాల్లో చూపించాను, ఫోన్లో ఆయనకి కనబడుతుందన్నట్టు. మేనేజరు విసుక్కున్నాడు. "సిర్దాబ్, ఓకే. ఫీ ఏ? నూర్? వల్లా నార్?"

ఏముంది అక్కడ, నూరా లేక నారా అని అడుగుతున్నాడు. నూర్ అంటే వెలుగు. నార్ అంటే మంట. ఈ రెండు మాటలకీ తేడా తెలియక అన్నానని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడ ఇలా పొరపడటం మామూలే. కానీ నేను కొత్తగా వచ్చినదాన్ని కాదు. వెలుగంటే ఎవరూ రారు, మంటంటేనే వస్తారని నాకు తెలుసు. ఒక్క క్షణం ఆగాను. అలా ఆగానని నాకు గుర్తుంది.

"నార్," అన్నాను.

గంటలో ఇద్దరు పనివాళ్ళతో వచ్చాడు. నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి చూశాను. రేడియోలన్నీ ఒక్కొక్కటే పైకి వచ్చాయి. చెత్త డబ్బాల పక్కన, ఎండలో పెట్టారు. ఆయన వాళ్ళతో వాదించలేదు. ఒక పనివాడు రేడియోని గుడ్డ ఉన్న వైపు బోర్లా పెడితే మాత్రం వెళ్ళి తిప్పి పెట్టాడు. రెండు చేతులతో తిప్పాడు. పదకొండు గంటలకి పాతసామాను పికప్పు వచ్చి అన్నీ ఎత్తుకుపోయింది.

ఆయన ఇఖామా మనుషుల్ని సప్లై చేసే ఒక కంపెనీ చేతిలో ఉంది. ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాల్సిందే. మూడో రోజు ఆయన్ని దజీజ్ గోదాముకి మార్చారు, అప్పటిదాకా పిల్లల్ని నేను కిందికి పంపలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఒంటి గంట దాటాక మా బెల్లు మోగింది. చేతిలో ఒక బ్యాగు, ఇస్త్రీ చేసిన చొక్కా. ఆయన్ని ఇస్త్రీ చొక్కాలో నేనెప్పుడూ చూడలేదు.

"పోతున్న బిడ్డా. ఎవలో నార్ అని జెప్పిండ్రట. నార్ గాదు, నూర్ అని ముదీర్‌కు మస్తు జెప్పిన. ఇనలే." నవ్వాడు. "రెండో అంతస్తాయన అనుకుంట. ఆయనకు నా మీద మొదటి నుంచి కోపమే, కారు కడగలేదని. పోనీ తియ్యి. పిల్లలున్న బిల్డింగు. భయపడి చెప్పిండు కావొచ్చు."

"రెండో అంతస్తాయన కాదు" అనడానికి నాకు ఒక వాక్యం చాలు. అనలేదు. "నీళ్ళు తాగుతారా బాబాయ్ గారూ?" అన్నాను.

తాగాడు. గుమ్మం పక్కన పిల్లల చెప్పులు ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు పడి ఉంటే వంగి సర్దాడు. కింద నుంచి కంపెనీ డ్రైవరు హారను కొట్టి, "యల్లా, హాజీ, యల్లా!" అని కేక వేశాడు. ఆయన హాజీ కాదు, పోచమ్మకి మొక్కే మనిషి. కానీ ఆ కేకకి "ఆఁ, వస్తున్న" అని తెలుగులోనే జవాబిచ్చి, లిఫ్టు కోసం చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పిల్లలు వచ్చాక నేరుగా సిర్దాబ్‌కే వెళ్ళారు. తాళం వేసి ఉంది. పైకి వచ్చి అడిగారు.

"తాత ఇండియా వెళ్ళిపోయాడు," అన్నాను.

"మాకు చెప్పకుండానా?"

"చెప్పకుండానే."

చిన్నది కాసేపు ఏడ్చి మరిచిపోయింది. పెద్దవాడు ఏడవలేదు. ఆ మూడు వారాల రేడియోలోంచి తీసేసిన పాత కండెన్సరు ఒకటి ఆయన వాడికి ఇచ్చాడు, దాన్ని పెన్సిల్ బాక్సులో దాచుకునేవాడు. మర్నాడు అది మా చెత్తబుట్టలో కనిపించింది. కొన్ని వారాల తర్వాత ఎందుకో రేడియో తాత మాట వస్తే, "హి వజ్ నాట్ ఎ గుడ్ పర్సన్," అన్నాడు. అంతే, మళ్ళీ ఆయన మాట ఎత్తలేదు. ఈ మధ్య స్కూల్లో స్నేహితుడొకడు వేరే ఊరికి మారుతుంటే, వాడితో ముందే మాట్లాడటం మానేశాడు. ఎందుకురా అంటే, "ఎలాగూ చెప్పకుండా పోతాడు కదా," అన్నాడు. ఆ మాట విన్నప్పుడైనా చెప్పి ఉండాల్సింది. దజీజ్ ఇక్కడికి అరగంట దూరం. కారు ఉంది. అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. వాణ్ణి తీసుకెళ్ళి ఆయన ఎదురుగా నిలబెట్టి ఉండొచ్చు. శుక్రవారం వస్తే సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాం, బీచికి వెళ్ళాం.

నిన్న ఫోటో చూశాక మా ఆయనకి మొత్తం చెప్పాను, నార్ సంగతితో సహా. "పిల్లలకి చెప్పకు. వాళ్ళు మరిచిపోయారు. ఇప్పుడు చెబితే నిన్ను నమ్మరు," అన్నాడు. నమ్మకపోవచ్చు. అది నాకూ భయమే. వాడు పదేళ్ళవాడు, అమ్మ చెప్పింది నిజమని ఇంకా అనుకునే వయసు. దాన్ని నా చేత్తోనే పాడు చేసుకోవాలి. లేకపోతే వాడు ఒక మంచి మనిషిని చెడ్డవాడనుకుంటూ పెద్దవాడవుతాడు, ఆ మనిషి వచ్చి కాదని చెప్పే అవకాశం కూడా ఇప్పుడు లేదు.

ఇవాళ శుక్రవారం. పొద్దున దోసెలు పోశాను. పిల్లలిద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. స్టవ్ ఆపి, వాళ్ళ ఎదురుగా కూర్చుని చెప్పాను. రేడియో తాత చనిపోయాడని చెప్పాను. ఇండియా వెళ్ళలేదనీ, ఏడాదిగా దజీజ్‌లోనే ఉన్నాడనీ చెప్పాను. మంట లేకపోయినా మంట ఉందని మేనేజరుకి చెప్పింది తాత అనుకున్నట్టు రెండో అంతస్తు ఆయన కాదు, నేనని చెప్పాను. మావాడు చేతిలోని దోసె ముక్కని పళ్ళెంలో పెట్టేశాడు.

"మరి చెప్పకుండా ఎందుకు వెళ్ళాడు?" అని అడిగాడు.

"చెప్పకుండా వెళ్ళలేదు నాన్నా," అన్నాను. "చెప్పడానికే పైకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మీ బస్సు ఎన్నింటికి వస్తుందని నన్ను అడిగాడు. ఇంకో పదిహేను నిమిషాల్లో వచ్చేస్తుందని నాకు తెలుసు. ఇవాళ ఆలస్యమవుతుంది, నాలుగు దాటుతుంది అని నేనే చెప్పాను."